హెచ్‌సీ ఎక్కువ, సీఓ తక్కువ: పీయూసీలో ఫెయిలైన బండికి అసలు జబ్బు ఎక్కడ ఉంటుంది?

పొల్యూషన్ (పీయూసీ) పరీక్షలో బండి ఫెయిలైందని వచ్చేవారిని నేను మొదట అడిగేది ఆ స్లిప్పు. చాలామంది దాన్ని పరీక్ష కేంద్రం దగ్గరే పారేసి వస్తారు. "పొగ ఎక్కువగా ఉందట, కాస్త ట్యూనింగ్ చేయండి" అంటారు. ఏది ఎక్కువగా ఉందో తెలియకుండా చేసే ట్యూనింగ్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

పెట్రోల్ బండి స్లిప్పు మీద ముఖ్యంగా రెండు అంకెలు ఉంటాయి. ఒకటి సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, శాతంలో. రెండోది హెచ్‌సీ, అంటే హైడ్రోకార్బన్లు, పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో. గాలి చాలక సగం కాలిన పెట్రోల్ సీఓ అవుతుంది. కాలకుండానే సైలెన్సర్ దాటి బయటికి వచ్చిన పెట్రోల్, ఇంజన్ ఆయిల్ హెచ్‌సీ అవుతాయి. ఈ తేడా తెలిస్తే చాలు, బండి తన జబ్బును తానే చెబుతుంది. 2000 మార్చి 31 తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ ద్విచక్ర వాహనాలకు పాత నిబంధన ప్రకారం సీఓ 3.5 శాతం, హెచ్‌సీ 4500 పీపీఎం దాటకూడదు. టూ స్ట్రోక్ బండికైతే హెచ్‌సీ 6000 వరకు అనుమతి ఉంది. అంతకంటే పాత బళ్లకు సీఓ 4.5, హెచ్‌సీ 9000. కొత్త బీఎస్ (భారత్ స్టేజ్ ప్రమాణాల) బళ్లకు పరిమితులు ఇంకా బిగువుగా ఉంటాయి. మీ బండికి వర్తించే అంకె ఏదో పరీక్ష చేసేవారినే అడిగి స్లిప్పు వెనక రాయించుకోండి.

స్పానర్ పట్టుకునే ముందు

ఇవి అందరికీ తెలిసినవే, అయినా అందరూ వదిలేసేవి ఇవే. బండి చల్లగా ఉండగా పరీక్ష చేయిస్తే హెచ్‌సీ ఎక్కువే వస్తుంది. చల్లని సిలిండర్ గోడల దగ్గర మంట ఆరిపోతుంది, అక్కడి పెట్రోల్ కాలకుండానే బయటికి పోతుంది. ఇంటి పక్కనే కేంద్రం ఉందని బండి తోసుకుంటూ వెళ్లేవారిని చూశాను. కనీసం నాలుగైదు కిలోమీటర్లు నడిపి, ఇంజన్ బాగా వేడెక్కాక వెళ్లండి.

చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడండి. హ్యాండిల్ దగ్గర మీట వెనక్కి వచ్చినంత మాత్రాన సరిపోదు. కేబుల్ తుప్పు పట్టి ఉంటే పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ దగ్గర ప్లంజర్ సగంలోనే ఆగిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టుకుని చూడండి. ఇంజన్ ఆయిల్ మట్టం చూడండి, తక్కువైందో లేదో మాత్రమే కాదు, ఎక్కువైందేమో కూడా. "ఇంకాస్త పోస్తే ఇంజన్‌కు మంచిది" అని గీత దాటించి పోస్తే, ఆ ఆయిల్ తుంపర బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి చేరుతుంది. హెచ్‌సీ పెరగడానికి అదొక్కటే చాలు.

ప్లగ్గు పాతదైతే మార్చండి, గ్యాప్ చూసి బిగించండి. ప్లగ్గు క్యాప్ వదులైతే కొత్త ప్లగ్గు పెట్టినా ఉపయోగం లేదు. వాల్వుల సందును సర్దే ట్యాపెట్లు మరీ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలని గాలి-పెట్రోల్ మిశ్రమం దాని సందులోంచి సైలెన్సర్‌లోకి జారిపోతుంది. టకటక చప్పుడు వస్తేనే ట్యాపెట్లు చూడాలనుకుంటారు. బిగుసుకున్న ట్యాపెట్ చప్పుడు చేయదు, అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇవన్నీ సరిగా ఉన్నా బండి ఫెయిలైతే, అప్పుడు స్లిప్పు చదవాలి.

సీఓ, హెచ్‌సీ రెండూ ఎక్కువ

ఇది సులువైన కేసు. పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. పొగ నల్లగా ఉంటుంది, ప్లగ్గు మసి పట్టి ఉంటుంది, మైలేజ్ పడిపోయి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్, చోక్ ఇప్పటికే చూశారు కాబట్టి మిగిలింది కార్బురేటర్. కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ అరిగి పెట్రోల్ మట్టం పెరగవచ్చు, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రమైన జెట్ పెద్దదైపోవచ్చు, లేదా గాలి-పెట్రోల్ పాళ్లను సర్దే మిక్స్చర్ స్క్రూను ఎవరో తిప్పి ఉండవచ్చు. బండి ఆపి ఉన్నప్పుడు కూడా పెట్రోల్ వాసన వస్తుంటే ఫ్లోట్ నీడిల్‌నే అనుమానించండి. కొన్ని గేర్లు లేని స్కూటర్లలో పెట్రోల్ కాక్ ఇంజన్ పీల్పుతో తెరుచుకుంటుంది. దాని లోపలి డయాఫ్రం చిరిగితే పెట్రోల్ నేరుగా పీల్పు గొట్టంలోంచి ఇంజన్‌లోకి పోతుంది. ఆ సన్న గొట్టం పీకి చూస్తే, అందులో పెట్రోల్ చుక్క కనిపిస్తే దొరికినట్టే.

హెచ్‌సీ ఎక్కువ, సీఓ మాత్రం తక్కువ

అసలు తిప్పలు ఇక్కడే. సీఓ అర శాతం కూడా లేదు, హెచ్‌సీ మాత్రం ఐదారు వేలు. ఈ స్లిప్పు చూసి చాలామంది మెకానిక్‌లు కూడా "పెట్రోల్ ఎక్కువ కాలుతోంది, తగ్గిద్దాం" అంటారు. ఆ మాట పూర్తిగా తలకిందులు. పెట్రోల్ ఎక్కువైతే సీఓ కూడా పెరిగి తీరాలి. సీఓ తక్కువగా ఉందంటే మిశ్రమంలో గాలే ఎక్కువ. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకంటే బాగా పెరిగితే మిశ్రమం పలచబడి నిప్పురవ్వ తగిలినా అంటుకోదు, అంటుకున్నా మధ్యలో ఆరిపోతుంది. మన వర్క్‌షాపుల భాషలో మిస్ కొట్టడం. అలా మిస్ కొట్టిన ప్రతిసారీ సిలిండర్‌లోకి వచ్చిన పెట్రోల్ అంతా ఉన్నది ఉన్నట్టు బయటికి పోతుంది. మంచి ఇంజన్ ఎంతోసేపు నడిచినా వదలనంత హైడ్రోకార్బన్‌ను మిస్ కొట్టే ఇంజన్ ఇట్టే వదిలేస్తుంది.

ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోంది? నా అనుభవంలో ఎక్కువ సార్లు కార్బురేటర్‌కు, ఇంజన్ హెడ్‌కు మధ్య ఉండే ఇన్‌టేక్ రబ్బరు దగ్గరి నుంచే. దాని మీద ఎందుకు అనుమానం రాదంటే, పైకి నిగనిగలాడుతూ కొత్తదానిలా కనిపిస్తుంది. పగులు కింది వైపు, ఇంజన్ వేడి తగిలే చోట ఉంటుంది. బిగించి ఉన్నప్పుడు ఆ పగులు మూసుకునే ఉంటుంది. ఇంజన్ అదురుకు రబ్బరు వంగినప్పుడే తెరుచుకుంటుంది. టార్చి వేసి చూసినా కనిపించదు. విప్పి, రెండు చేతుల బొటనవేళ్లతో వెనక్కి వంచితే అప్పుడు నవ్వినట్టు తెరుచుకుంటుంది.

రెండో మోసం ఇంకా పెద్దది. "రోడ్డు మీద బండి బ్రహ్మాండంగా పోతోంది, పికప్ బాగుంది, పరీక్ష మెషీన్‌లోనే ఏదో తేడా ఉంది" అని యజమాని గట్టిగా వాదిస్తాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో పీల్పు బలంగా ఉంటుంది, ఇంజన్‌కు కావలసిన గాలి మాత్రం చాలా తక్కువ. ఆ కొంచెం గాలికి పగులులోంచి వచ్చే దొంగగాలి తోడైతే మిశ్రమం పాడైపోతుంది. థ్రాటిల్ తిప్పగానే పీల్పు తగ్గుతుంది, కార్బురేటర్ గుండా వెళ్లే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, దొంగగాలి వాటా లెక్కలోకి రాదు. అందుకే బండి రోడ్డు మీద బాగుంటుంది, సిగ్నల్ దగ్గర బాగుండదు. పీయూసీ పరీక్ష చేసేది థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే కాబట్టి అక్కడ దొరికిపోతుంది. మెషీన్ నిజమే చెబుతోంది. ఆ బండి మీ కాలనీలో, స్కూలు గేటు ముందు, సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడల్లా కాలని పెట్రోల్‌ను జనం ముఖాల మీదికే వదులుతోంది. ఆ పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది. దాని వల్ల క్యాన్సర్ వస్తుందన్నది ఎప్పుడో రుజువైన విషయం.

ఈ లోపం ఉన్న బండి కొన్ని గుర్తులు ఇస్తుంది. ఉదయం చోక్ మామూలు కంటే ఎక్కువసేపు కావాలి. థ్రాటిల్ వదిలాక ఇంజన్ వేగం వెంటనే దిగకుండా కాసేపు అలాగే ఉండి నెమ్మదిగా దిగుతుంది. స్లోలో, అంటే థ్రాటిల్ తిప్పకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, వేగం ఒకసారి ఎక్కుతూ ఒకసారి తగ్గుతూ ఊగుతుంది. వాలులో థ్రాటిల్ మూసి దిగుతుంటే సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుతుంది. వీటిలో రెండు కనిపించినా నేరుగా రబ్బరు దగ్గరికే వెళ్లండి.

పరీక్షించే తీరు చెబుతాను. ఇంజన్ వేడెక్కాక స్లోలో ఉంచండి. సన్నని తుంపర వచ్చే సీసాలో మామూలు నీళ్లు తీసుకుని రబ్బరు చుట్టూ, రెండు చివర్ల జాయింట్ల మీద కొద్దికొద్దిగా కొట్టండి. పగులు ఉన్న చోట నీళ్లు ఒక్క క్షణం దాన్ని మూసేస్తాయి, ఇంజన్ చప్పుడు అక్కడే మారుతుంది. ఆ మార్పు చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. కొందరు పెట్రోల్, కార్బురేటర్ క్లీనర్ కొట్టి చూస్తారు. కాలిపోతున్న సైలెన్సర్ పక్కన ఆ పని చేయవద్దు, ఒక్కసారి అంటుకుంటే బండి, మనిషి ఇద్దరూ పోతారు. నీళ్లు ప్లగ్గు క్యాప్ మీద పడకుండా చూడండి. క్యాప్ తడిస్తే అదే మిస్ కొట్టి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. నీళ్లతో తేలకపోతే ఇంజన్ నడుస్తుండగా కార్బురేటర్‌ను చేత్తో కొద్దిగా పైకీ కిందికీ, పక్కలకూ కదపండి. ఏదో ఒక వైపు వంచినప్పుడు స్లో మారితే పగులు ఆ వైపే ఉంది.

రబ్బరు బాగానే ఉంటే అదే దారిలో ఇంకో మూడు చోట్లు చూడాలి. హెడ్ వైపు గాలి చొరబడకుండా ఉండే గుండ్రటి రబ్బరు వలయం, ఓరింగు, ఒకటి. వేడికి అది చదునుగా నలిగిపోతుంది, విప్పి చూస్తే గుండ్రంగా కాకుండా పట్టీలా ఉంటుంది. రెండోది ఫ్లాంజ్, అంటే ఆ రబ్బరును హెడ్‌కు బిగించే చదునైన అంచు. దానికి రెండే బోల్టులు, వాటిని ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోది బిగిస్తే ఫ్లాంజ్ వంకర పోతుంది. స్టీల్ స్కేలు పెట్టి వెలుతురులో చూడండి, సందు కనిపిస్తే అద్దం మీద ఎమరీ కాగితం పరిచి నెమ్మదిగా రుద్ది చదును చేయండి. మూడోది సన్న రబ్బరు గొట్టాలు. చాలా బళ్లలో సైలెన్సర్ వైపు తాజా గాలి పంపి మిగిలిన హెచ్‌సీని అక్కడే కాల్చే ఏర్పాటు ఉంటుంది, దాని వాల్వుకు ఇన్‌టేక్ నుంచి ఒక సన్న గొట్టం వెళ్తుంది. కొన ఎండిపోయి చీలిన ఆ గొట్టం ఎవరి కంటా పడదు. సైలెన్సర్‌లో పేలుడు చప్పుడు వస్తోందని కొందరు ఈ ఏర్పాటునే మూసేస్తారు. చప్పుడు తగ్గుతుంది, హెచ్‌సీ పెరుగుతుంది. మూసి ఉంటే మళ్లీ తెరిపించండి.

ఇక మరమ్మతు. రబ్బరు మార్చడమే, వేరే దారి లేదు. పైన టేపు చుట్టడం, గమ్ము పూయడం వద్దు. మామూలు సిలికాన్ గమ్ము పెట్రోల్ తగిలితే మెత్తబడి ఊడిపోతుంది, ఆ ముక్కలు ఇంజన్‌లోకి పోతాయి. కొత్త రబ్బరుతో పాటు కొత్త ఓరింగు వేయండి, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి, క్లాంపు బిగుతు చూడండి. వీటి ఖరీదు పెద్దగా ఉండదు. ఇన్నాళ్లూ అనవసరంగా మార్చిన ప్లగ్గుల ఖర్చు దానికంటే ఎక్కువే అయి ఉంటుంది.

రబ్బరు మార్చాక ఒక పని తప్పకుండా చేయాలి. ఈ బండి మీ దగ్గరికి రాకముందే ఎవరో ఒకరు దొంగగాలిని కప్పిపుచ్చడానికి మిక్స్చర్ స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచి ఉంటారు. అలా చేస్తే స్లోలో మిస్ కొట్టడం తగ్గి బండి ఆ రోజుకు పాసవుతుంది. పగులు పెరిగిన కొద్దీ మళ్లీ ఫెయిలవుతుంది, మళ్లీ తిప్పుతారు. ఇప్పుడు పగులు లేదు, పెంచిన పెట్రోల్ మాత్రం అలాగే ఉంది, ఈసారి సీఓ ఎక్కువై ఫెయిలవుతుంది. అప్పుడు "రబ్బరు మార్చినా లాభం లేదు" అని మీ మీదే నింద పడుతుంది. కాబట్టి స్క్రూను మెల్లగా చివరి వరకు లోపలికి తిప్పి, మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లు వెనక్కి తీసి, అక్కడి నుంచి సర్దండి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉన్న స్క్రూ గాలిది, లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉన్నది పెట్రోల్‌ది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. ఇది తెలియక తిప్పేవారు చాలామంది. చివరగా స్లో వేగాన్ని మాన్యువల్ చెప్పిన అంకెకు తెచ్చి, మళ్లీ మెషీన్ మీద చూడండి.

ఈ మధ్య పాత కార్బురేటర్ బళ్లలో ఈ లోపం ఎక్కువగా బయటపడుతోంది. బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. పైగా ఇథనాల్‌కు తగ్గట్టు తయారుకాని పాత రబ్బర్లు దానివల్ల త్వరగా పాడవుతాయి. నిన్నటిదాకా సన్న పగులుతో నెట్టుకొచ్చిన బండి ఇప్పుడు నిలబడలేకపోతోంది. పెట్రోల్‌ను తిట్టే ముందు రబ్బరు చూడండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లు

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో తిప్పడానికి స్క్రూ లేదు, అది మంచిదే. ఆక్సిజన్ సెన్సర్ దొంగగాలిని కనిపెట్టి కొంతవరకు పెట్రోల్ పెంచి సర్దుకుంటుంది, అందుకే లోపం ఆలస్యంగా తెలుస్తుంది. థ్రాటిల్ బాడీకీ హెడ్‌కూ మధ్య రబ్బరు ఇక్కడా ఉంటుంది, పరీక్ష కూడా అదే. ఇంజన్ లైటు వెలుగుతున్నా, మిస్ కొడుతున్నా నడపడం మాత్రం వద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి దాన్ని మాడ్చేస్తుంది. చవకలో పోయే మరమ్మతు అక్కడితో వేలల్లోకి వెళ్తుంది.

ఈ బళ్లలో ఇంకో మాట. ట్యాంకు మూత దాకా పెట్రోల్ నింపించకండి. ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఉంటుంది. పెట్రోల్ పొంగి అందులోకి చేరితే ఆవిరికి బదులు పెట్రోలే ఇంజన్‌లోకి వెళ్తుంది, ఆ డబ్బా మళ్లీ పనికిరాకుండా పోవచ్చు.

నీలం పొగ

ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు. థ్రాటిల్ తిప్పినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ). సీళ్లు చిన్న పని, బోరు పెద్ద పని. చిక్కటి ఆయిల్ పోసి పొగ తగ్గించాలని చూడకండి, అది బోరు అరగడాన్ని ఆపదు. టూ స్ట్రోక్ బండిలో నీలం పొగ కొంత సహజం. ఆ ఇంజన్‌లో తాజా పెట్రోల్‌లో కొంత భాగం కాలకముందే ఎగ్జాస్ట్ ద్వారం గుండా జారిపోతుంది, అది దాని నిర్మాణంలోని లోపమే, ట్యూనింగ్‌తో పోదు. ఆయిల్ పాలు కంపెనీ చెప్పిన దానికంటే పెంచకపోవడం ఒక్కటే మన చేతుల్లో ఉంది.

తెల్లపొగ చలికాలం ఉదయాన కాసేపు వస్తే అది నీటి ఆవిరి, వదిలేయండి.

అరుదైనవి

పెట్రోల్‌లో కిరోసిన్ కల్తీ: అనుమానం ఉంటే బంకులో ఫిల్టర్ కాగితం అడిగి ఒక చుక్క వేయండి, మరక మిగలకుండా ఆరాలి. నిప్పురవ్వ పుట్టించే కాయిల్, సీడీఐ లోపం: ఉంటుంది, కానీ వంద మంది దాన్నే అనుమానిస్తే ఒకరికి నిజమవుతుంది, చివరగా చూడండి. టైమింగ్ చైన్ ఒక పన్ను జరగడం: బండి అసలు లాగదు, స్లిప్పు కంటే ముందే మీకు తెలుస్తుంది. సైలెన్సర్‌కు చిల్లు: బయటి గాలి కలిసి అంకెలు తగ్గి కనిపిస్తాయి, దాంతో పాసైతే సంతోషించకుండా చిల్లు పూడ్పించి మళ్లీ చూపించండి.

విప్పిన వస్తువుల సంగతి

పాత రబ్బరు, ట్యూబు, ఆయిల్ గుడ్డలు సాయంత్రం పోగేసి వర్క్‌షాపు వెనక తగలబెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. పగలంతా 4500 పీపీఎం కింద తేవడానికి తంటాలు పడి, రాత్రి బహిరంగంగా మంట పెడితే ఆ పొగకు ఏ పరిమితీ ఉండదు. రబ్బరు, నూనె అలా సరిగా మండకుండా పొగలతో కాలినప్పుడు బెంజీన్‌తో పాటు బెంజోపైరీన్ వంటి విష హైడ్రోకార్బన్లు పుడతాయి, అవి మసికి అంటుకుని ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది. వాడిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, నీళ్లు కలవకుండా ఉంచి, లైసెన్సు ఉన్న రీసైక్లింగ్‌వారికి ఇవ్వండి. పాత ట్యూబులు, రబ్బర్లు తడి చెత్తలో కలపకుండా విడిగా మూటకట్టి పొడి చెత్త బండికి ఇవ్వండి.